అరుగు మీది కబుర్లు: పిట్టకీ మనకీ మధ్య దూరం



కిందటి సంచిక అందిన పది రోజులకే హోసూరు నుంచి ఒక తల్లిగారు ఉత్తరం రాశారు. "మావాడు ప్లస్ టూ పూర్తి చేశాడు. పిట్టలనీ, జంతువులనీ ఫొటోలు తీస్తానని ఒకటే గొడవ. నలభై వేలు పక్కన పెట్టాం. దుకాణానికి వెళ్తే ఒకరు ఒకటి చెబుతారు, ఇంకొకరు ఇంకొకటి చెబుతారు. మీ మనవరాలు బాగా తీస్తుందని విన్నాం. ఏ కెమెరా కొనమంటారో కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి" అని.

అమ్మా, నేను ఫొటోగ్రాఫర్‌ని కాను. రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరై, ఈ బరంపురంలో ఇంటి అరుగు మీద కూర్చుని మూడు నెలలకోసారి మీతో కబుర్లు చెప్పుకునేవాణ్ణి. అయితే ఈ విషయంలో ఒక పెద్ద తప్పు చేశాను. దానివల్ల కొంత డబ్బు పోయింది. డబ్బుతో పూడనిది ఇంకొకటి కూడా పోయింది. ఆ అనుభవంతోనే ధైర్యం చేసి నాలుగు మాటలు రాస్తున్నాను.

2022 ఉగాదికి మా పెద్దవాడి కూతురికి కెమెరా కొనిపెట్టాను. అప్పుడది తొమ్మిదో తరగతి. రెండేళ్ళుగా పుట్టినరోజుకీ పండక్కీ పెద్దవాళ్ళు ఇచ్చిన డబ్బు దాచుకుంది. తక్కువ పడింది నేను వేశాను. దుకాణంలో కుర్రవాడు మర్యాదగా కుర్చీ వేసి, చల్లటి నీళ్ళిచ్చి, మెరిసిపోతున్న కొత్త డబ్బా ఒకటి ముందు పెట్టాడు. "ఇరవై నాలుగు మెగాపిక్సెళ్ళు సార్, లెన్సుతో సహా ముప్ఫై ఎనిమిది వేలు, బ్యాగు ఉచితం" అన్నాడు. పిట్టల ఫొటోలకి పనికొస్తుందా అని అడిగాను. "అన్నిటికీ పనికొస్తుంది సార్" అన్నాడు. అన్నిటికీ పనికొచ్చేది దేనికి బాగా పనికొస్తుందని అడగాలని నాకు తోచలేదు. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అన్నారా!

ఆ లెన్సు మీద 18-55 అని రాసి ఉంది. ఆ అంకె అర్థం తెలుసుకోకుండా డబ్బు కట్టడమే నా తప్పు. అది మిల్లీమీటర్లలో లెన్సు ఫోకల్ దూరం. అంకె పెద్దదైన కొద్దీ దూరంగా ఉన్నది దగ్గరగా, పెద్దగా కనిపిస్తుంది. 55 అంటే పెళ్ళిళ్ళకీ, పేరంటాలకీ, ఇంట్లో పిల్లల ఫొటోలకీ బ్రహ్మాండంగా ఉంటుంది. యాభై అడుగుల దూరంలో తీగ మీద కూర్చున్న పాలపిట్టని దానితో తీస్తే, ఫొటో వెడల్పులో ఇరవయ్యో వంతు ఉంటుంది. పెరుగన్నంలో ఆవగింజ అన్నమాట.

మరి ఆవగింజని పెద్దది చేయాలంటే పిల్ల ఏం చేస్తుంది? దగ్గరికి వెళ్తుంది. మా మనవరాలు అదే చేసింది. నేనూ వెనకాలే వెళ్ళాను.

ఆ ఏడాది మే నెలలో మా పేట చివర, ఇళ్ళు ఇంకా లేవని లేఅవుటు స్థలంలో, కంకర రాళ్ళ మధ్య తీతువు పిట్ట గుడ్లు పెట్టింది. తీతువు కూత అపశకునమని మనవాళ్ళంటారు గాని, పాపం దాని గోలంతా గుడ్ల కోసమే. అది చెట్టు మీద గూడు కట్టదు. నేల మీదే చిన్న గుంటలో, సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. గుడ్ల రంగు అచ్చంగా చుట్టూ ఉన్న రాళ్ళ రంగే. ఎండ మండిపోయే రోజుల్లో తల్లీ తండ్రీ వంతులవారీగా వాటికి నీడ పడతాయి. దగ్గరలో నీళ్ళుంటే పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుని చల్లబరుస్తాయి. ఇదంతా నేను తరువాత చదివి తెలుసుకున్నదే. ఆ రోజు తెలిసి ఉంటే ఎంత బాగుండేది!

మనవరాలు నేల మీద బోర్లా పడుకుంది. నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను. పిట్టలు రెండూ మా తలల మీదుగా అరుస్తూ తిరుగుతున్నాయి. "ఇంకొక్కటి తాతయ్యా, తల్లి వచ్చి కూర్చోగానే తీసేస్తాను" అంటుంది. మేం తొమ్మిది అడుగుల దూరంలో ఉంటే తల్లి ఎలా వస్తుంది? అరగంట పైనే ఉన్నాం. ఆ అరగంటా గుడ్లు ఎండలో ఉన్నాయి. కరెంటు స్తంభం మీద కాకులు రెండు కూర్చుని మమ్మల్నే చూస్తున్నాయి. మర్నాడు పొద్దున్నే వెళ్ళి చూస్తే గుంటలో పెంకులు తప్ప ఏమీ లేవు.

కాకులు మేం వెళ్ళకపోయినా కనిపెట్టేవేమో. అలా అని నేను చాలాసార్లు సమాధానం చెప్పుకున్నాను, దానికీ చెప్పాను. అది వినలేదు. "వాటికి చోటు మనమే చూపించాం తాతయ్యా" అంది. అంతే, కెమెరా బీరువాలో పెట్టేసింది. దసరాకీ తీయలేదు, దీపావళికీ తీయలేదు. అది కళ్ళనీళ్ళు పెట్టుకుని ఉంటే ఓదార్చేవాణ్ణి. ఊరికే ఉండిపోయింది. తప్పు పిల్లది కాదు. దానికి 55 కొనిచ్చి, పిట్టల్ని తీయమన్నవాణ్ణి నేను.

అందుకని హోసూరు అమ్మగారికి మొదటి మాటగా చెప్పేదిదే. అడవి జీవుల ఫొటోలకి పొడుగు లెన్సు గొప్పకోసం కాదు. పిట్టకీ మనకీ మధ్య ఉండవలసిన దూరాన్ని ఉండనివ్వడం కోసం. యాభై అడుగుల దూరంలోని ఆ పాలపిట్టనే 300 మిల్లీమీటర్ల లెన్సుతో తీస్తే ఫొటో వెడల్పులో పావు వంతుకు పైగా వస్తుంది. 55తో అంత సైజు రావాలంటే తొమ్మిది అడుగుల దగ్గరకు పోవాలి. ఆ నలభై ఒక్క అడుగుల కోసమే మనం డబ్బు పెడుతున్నాం. కెమెరా డబ్బా మీద రాసే మెగాపిక్సెళ్ళ కోసం కాదు.

ఇక నలభై వేలలో ఏం వస్తుందో చూద్దాం. రెండు దారులున్నాయి.

మొదటిది, లెన్సు విడదీయడానికి వీల్లేకుండా ఒంటికే అతుక్కుని ఉండే పెద్ద జూమ్ కెమెరా. బ్రిడ్జ్ కెమెరా అంటారు. నికాన్ పి900 అనేది 2015లోనూ, పి950 2020లోనూ వచ్చాయి. రెండింటికీ 83 రెట్ల జూమ్. కానన్ ఎస్ఎక్స్70 2018లో వచ్చింది, 65 రెట్లు. చెరువు అవతలి గట్టు మీద కొంగ కన్ను కూడా కనిపిస్తుంది. ఒక్కటే వస్తువు, వేరే లెన్సు బాధ లేదు. అయితే దీని లోపల వెలుగును పట్టే పలక, అంటే సెన్సర్, చిటికెన వేలి గోరు కన్నా చిన్నది. మామూలు డీఎస్ఎల్ఆర్ సెన్సర్ వైశాల్యం దానికి దాదాపు 13 రెట్లు. కాబట్టి ఎండ బాగా ఉంటే ఫొటో ముచ్చటగా వస్తుంది. తెల్లవారుజామునా, మబ్బు పట్టినప్పుడూ ఇసక చల్లినట్టు గరుకుగా వస్తుంది. ఎగిరే పిట్టని అందుకోవడం కూడా దీనికి కష్టమే. పిట్టల్ని గుర్తుపట్టడం, జాబితా రాసుకోవడం ముఖ్యమనుకునేవారికీ, నాలాగా బరువు మోయలేని వయసువారికీ ఇది మంచిది.

రెండోది, వాడిన డీఎస్ఎల్ఆర్, దానికి 300 మిల్లీమీటర్ల దాకా వెళ్ళే లెన్సు. ఇప్పుడు కంపెనీల దృష్టంతా మిర్రర్‌లెస్ అనే కొత్త రకం మీద ఉంది. స్తోమత ఉన్నవారు అటు మారుతూ, నిక్షేపంలాంటి పాతవాటిని అమ్మేస్తున్నారు. మిర్రర్‌లెస్ మంచిదే. వాటిలో కొన్ని పిట్ట కన్నుని తమంతట తామే వెతికి పట్టుకుంటాయి. కాని పొడుగు లెన్సుతో కలిపి నలభై వేలలో మంచిది దొరకడం కష్టం. వాడినవాటిలో నికాన్ డి7100, డి7200, కానన్ 70డి, 80డి లాంటివి చూడవచ్చు. నికాన్‌కి 70-300 వీఆర్ లెన్సు, కానన్‌కి 55-250 ఎస్‌టీఎం లెన్సు చవకలో పనికొచ్చేవి. వీఆర్, ఐఎస్ అనే అక్షరాలుంటే చేతి వణుకుని లెన్సు కొంత సర్దుకుంటుందని అర్థం. అవి లేని లెన్సు తక్కువకి వస్తుందని ఆశపడకండి.

150-600 లెన్సులు ఉన్నాయి కదా అని మీవాడు అడుగుతాడు. ఉన్నాయి. ఒక్కొక్కటీ రెండు కిలోలకు అటూ ఇటూ బరువు. ఖరీదు మన హద్దు దాటుతుంది. రెండేళ్ళు 300తో తిరిగి, అప్పటికీ ఆసక్తి ఉంటే అప్పుడు చూసుకోవచ్చు. లెన్సు ఎక్కువ కాలం నిలుస్తుంది, కెమెరా ఒళ్ళు మారుతూ ఉంటుంది. కాబట్టి డబ్బు తక్కువైతే కెమెరా పాతదైనా పరవాలేదు, లెన్సులో రాజీ పడకండి.

మేం 2023 సంక్రాంతికి రెండో దారే పట్టాం. పాత కెమెరాని ఇరవై నాలుగు వేలకు అమ్మాను. అంటే పది నెలల్లో పద్నాలుగు వేలు నష్టం. భువనేశ్వర్‌లో ఒక ఉద్యోగస్తుడి దగ్గర డి7200 ఇరవై నాలుగు వేలకూ, 70-300 లెన్సు పన్నెండు వేలకూ తీసుకున్నాం. ఊరిని బట్టి, వస్తువు స్థితిని బట్టి ధర మారుతుంది. మొదటే తెలిసి ఉంటే ముప్ఫై ఆరు వేలతో పోయేది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల!

వాడినది కొనేటప్పుడు మొహమాటం పనికిరాదు. పిల్లని ఇచ్చేటప్పుడు అబ్బాయిని చూసినట్టు చూడాలి. ముందుగా డబ్బు పంపమనే అపరిచితుణ్ణి నమ్మకండి, వస్తువు చేతిలోకి తీసుకున్నాకే బేరం. షట్టర్ ఎన్నిసార్లు కొట్టుకుందో అడగండి. డి7200 షట్టర్‌ని లక్షా యాభై వేల సార్లకు పరీక్షించామని కంపెనీ చెప్పింది. మాది ముప్ఫై ఒక్క వేల దగ్గర దొరికింది. నికాన్‌లో ఈ లెక్క ఫొటో ఫైలులోనే ఉంటుంది, కంప్యూటర్లో చూడవచ్చు. కానన్ మోడళ్ళలో చాలావాటికి అంత సులువుగా దొరకదు, సర్వీసు చేసేవారిని అడగాలి. లెన్సు లోపలికి టార్చి వేసి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది బూజు, వెంటనే నమస్కారం పెట్టి వచ్చేయండి. జూమ్ తిప్పితే గరగరమనకూడదు. దగ్గరిదీ దూరానిదీ పదిసార్లు ఫోకస్ చేసి చూడండి. బ్యాటరీ ఉబ్బి ఉందేమో చూడండి. బిల్లు మీది నంబరూ కెమెరా అడుగు నంబరూ ఒకటేనా అని సరిచూడండి. లెన్సు విడిగా కొంటుంటే అది మీ కెమెరాకి బిగించి, ఫోకస్ అవుతుందో లేదో అక్కడే తేల్చుకోండి. నికాన్ చిన్న మోడళ్ళలో ఫోకస్ మోటారు లోపల ఉండదు. పాత రకం లెన్సు వేస్తే చేత్తో తిప్పుకోవలసిందే.

మిగిలిన నాలుగు వేలకూ పని ఉంది. మంచి మెమరీ కార్డు ఒకటి, అదనపు బ్యాటరీ ఒకటి. మాలాగా సముద్రపు గాలి తగిలే ఊళ్ళవారు, యానాంవారూ చెన్నైవారూ, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్ పొట్లాలు, తేమ చూపించే చిన్న మీటరు తప్పకుండా కొనాలి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే బూజు భయం తగ్గుతుంది. తోలు సంచీలో పెట్టి బీరువాలో దాచడమంత పొరపాటు లేదు, తోలు తేమని పీల్చుకుని బూజుని పెంచుతుంది. ట్రైపాడ్ ఇప్పుడే వద్దు. మా ఆవిడ పాత జీన్సు గుడ్డతో సంచీ కుట్టి, అందులో రెండు కిలోల పెసలు పోసి మూతి కుట్టేసింది. గోడ మీదో, కారు కిటికీ మీదో అది వేసి లెన్సు ఆనిస్తే కదలదు. ఆ పెసలు మళ్ళీ వంటింట్లోకి రానివ్వనని కూడా చెప్పింది.

తీసే పద్ధతి మా మనవరాలు చెప్పగా రాస్తున్నాను. కూర్చున్న పిట్టకి షట్టర్ వేగం సెకనులో 500వ వంతు, ఎగిరేదానికి 2000వ వంతు. ఐఎస్ఓని ఆటోలో పెట్టాలి. ఫోకస్ కంటి మీద ఉండాలి. సూర్యోదయం అయ్యాక రెండు గంటలూ, అస్తమయానికి ముందు రెండు గంటలూ మంచి వెలుగు. మనం పిట్ట ఎత్తుకి వంగాలి గాని, పై నుంచి తీయకూడదు. మిగతాదంతా కూర్చోవడమే. "తాతయ్యా, మనం ఇరవై నిమిషాలు కదలకపోతే అవే మన దగ్గరికి వస్తాయి" అంటుంది. అది నిజమని నేను మా తంపర చెరువు గట్టున కూర్చుని చూశాను. ఆ నిజం అంతకు ముందు ఏడాదే తెలిసి ఉంటే!

పులి కోసం సఫారీలకి పరుగెత్తకండి. ఆ ఖర్చుతో ఇంకో లెన్సు వస్తుంది. మొదటి ఆరు నెలలూ ఇంటి దగ్గరి చెరువు, పొలం, కాలవగట్టు చాలు. ఆ తరువాత మన సంఘాలున్న ప్రతి రాష్ట్రంలోనూ మంచి చోట్లున్నాయి. కర్ణాటకవారికి శ్రీరంగపట్నం దగ్గర కావేరిలో రంగనతిట్టు ఉంది. సలీం అలీ గారి సూచన మీద 1940లో అభయారణ్యమైంది. తమిళనాడువారికి వేడంతాంగల్, మహారాష్ట్రవారికి భిగ్వాన్‌లో చలికాలపు రాజహంసలు, యానాంవారికి పక్కనే కోరింగ మడ అడవులు. మాకు చిలికా ఉత్తరపు ఒడ్డున మంగళజోడి. అక్కడ గడ వేసి పడవ నడిపేవారిలో కొందరు ఒకప్పుడు అవే పిట్టల్ని వేటాడినవారు. ఈనాడు మనం పడవలో లేచి నిలబడితే వాళ్ళే కోప్పడతారు. మా గంజాం జిల్లాలోనే భేట్నయి, బలిపదర్ పొలాల్లో కృష్ణజింకలు మనుషుల మధ్యే తిరుగుతాయి. అవి పొలంలోకి వస్తే శుభమని అక్కడి రైతుల నమ్మకం. అక్కడికి వెళ్ళినప్పుడు మా పిల్ల గట్టు దిగలేదు. నేను దిగబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

కెమెరాతో పాటు పిల్లల చేత మూడు మాటలు ఒప్పించండి. గూడు దగ్గరికి వెళ్ళకూడదు. ఫోనులో కూత వినిపించి పిట్టని రప్పించకూడదు. మనల్ని చూసి అది చేసే పని మానేస్తే, మనం ఎక్కువ దగ్గరగా ఉన్నట్టే, వెనక్కి రావాలి. మూడోది ఒక్కటి గుర్తున్నా చాలు.

ఒక లాభం మాత్రం నేను ఊహించలేదు. మా పిల్ల చదివేది ఇంగ్లీషులో, ఆడుకునేది ఒడియాలో. ఇంటికి రాగానే ఫొటో చూపించి, "తాతయ్యా, దీన్ని మనం ఏమంటాం?" అని అడుగుతుంది. లకుముకి పిట్ట, గూడబాతు, బొల్లికోడి. నేను మరిచిపోయిన పేర్లు మా అక్కయ్యకి ఫోను చేసి అడిగి చెబుతున్నాను. అలా ఒక నోటుపుస్తకం సగం నిండింది.

2023 విజయదశమి నాడు పాలపిట్టని చూద్దామని ముగ్గురం ఊరి బయటికి నడిచాం. కర్ణాటకకీ, ఒడిశాకీ, తెలంగాణకీ రాష్ట్ర పక్షి అదే. దసరా నాడు దాని దర్శనం శుభమని మనకి ఆనవాయితీ. ఆ ఆనవాయితీ పేరుతోనే కొన్ని పట్టణాల్లో దాన్ని పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి డబ్బులకి చూపిస్తారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. బందీగా ఉన్నదాన్ని చూస్తే శుభం ఎక్కడి నుంచి వస్తుంది?

తీగ మీద ఒకటి కూర్చుని ఉంది. దూరం యాభై అడుగులు పైనే. పిల్ల చెట్టు మొదట్లో కూర్చుంది, మేం దాని వెనక కూర్చున్నాం. చాలాసేపు ఏమీ లేదు. ఉన్నట్టుండి అది కిందికి దూకి, మిడతని పట్టి, మళ్ళీ అదే తీగ మీదకి వచ్చి వాలింది. వాలేటప్పుడు ఆ రెక్కల నీలం విచ్చుకుంది. కెమెరా చప్పుడయింది. పిట్ట మా వైపు చూడను కూడా చూడలేదు, మిడతని తినడంలో ఉంది.

ఆ ఫొటో ఇప్పుడు మా హాల్లో ఉంది. వచ్చినవాళ్ళంతా రంగులు మెచ్చుకుంటారు. నేను మాత్రం ఆ పిట్ట కన్నే చూస్తాను. అది మమ్మల్ని కాదు, తన తిండిని చూసుకుంటోంది. దాని పక్కనే, చిన్న ఫ్రేములో, కంకర మధ్య నాలుగు గుడ్ల ఫొటో కూడా పెట్టమంది మనవరాలు. ఎందుకమ్మా అంటే, "ఉండనీ తాతయ్యా" అంది. ఉంచాను.

హోసూరు అమ్మగారూ, అబ్బాయికి కెమెరా కొనండి. వాడినదైనా పరవాలేదు, 300 ఉన్నది కొనండి. కొన్నాక మొదటి ఫొటో ఏ పిట్టదో, దాన్ని మీ ఇంట్లో తెలుగులో ఏమంటారో నాకు తప్పక రాయండి.

వచ్చే సంచికలో మళ్ళీ అరుగు మీద కలుద్దాం. సెలవు.